నాలుగు రోజుల బాలింత

పెడన కలంకారీ అద్దకం వాళ్లకు నేను చేసిపెట్టిన వెబ్‌సైట్లను అద్దె సర్వర్ నుంచి తీసేసి, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం మా ఇంట్లో కంప్యూటర్‌లోనే పెట్టుకుని నాలుగు రోజులైంది. సైట్లు ఆగిపోతే తిట్టడానికి ఇప్పుడు కంపెనీ లేదు, నేనే ఉన్నాను. ఈ రోజు తప్పక గుడివాడ బస్సెక్కి, నిమిషానికోసారి ఫోన్లో సైట్లు చూసుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ అడిగారు.

"ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా అమ్మా?"

"బానే ఉందండీ. నాలుగు రోజులేగా, వదిలి రావడం ఇదే మొదలు."

"అయ్యో, పచ్చి బాలింతవు! బస్సెందుకెక్కావు తల్లీ?"

నేను నోరు తెరిచేలోపే, గాలి తగలకూడదని కిటికీ దగ్గర్నుంచి లేపి, చెవులు కప్పేలా నా తలకు తన తువ్వాలు చుట్టేశారు. కంప్యూటరండీ అని చెప్పబోతూ మళ్లీ ఫోన్ చూశాను.

మీరే చెప్పండి, ఆవిడ పొరబడ్డారంటారా?