అరచుట్టు

మా బావ మెకానిక్కు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, "అరచుట్టు" అంటేనే పలుకుతాడు. బోల్టు సరిపడా బిగిశాక ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, పానాను ఇంకో అరచుట్టు తిప్పుతాడు. ముప్పై ఏళ్ళలో ఆయన బిగించింది ఏదీ ఊడి రాలేదు. పక్క కొట్టు నాది, బట్టలు కుడతాను. మా అక్క నోటికి కూడా ఓ అరచుట్టు వెయ్యకపోయావా అని నేనంటే, ఆ సైజు పానా ఇంకా రాలేదురా అనేవాడు.

మేనకోడలు పడిన రోజుతో ఆ వేళాకోళాలు ఆగిపోయాయి. ఆమె నర్సు. బండి మీద ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్ళకు కట్లు మారుస్తుంది. సోమవారం ఓ మలుపులో వెనక చక్రం సర్రున జారింది. మోకాలూ అరచెయ్యీ చెక్కుకుపోయాయి. వెనకాల లారీ డ్రైవరు సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి మాకు దక్కింది. బావ బండి తెచ్చి చూస్తే వెనక టైరు నిండా ఇంజిన్ ఆయిల్ జిడ్డు.

మళ్ళీ సోమవారానికి ఆమె డ్యూటీకి వెళ్ళాలి. ఆలోగా ఆయిల్ ఎక్కడ కారుతోందో దొరకాలి.

ఆ వారం బావ వేరే బండి ముట్టుకోలేదు. సైడు కవరు విప్పి ఆయిల్ ఆపే గాస్కెట్ మార్చాడు. గేరు రాడ్డు దగ్గర సీలు మార్చాడు. రోజూ సాయంత్రం బండి కింద పాత పేపరు పరిచేవాడు. పొద్దున చూస్తే దాని మీద నల్లటి మచ్చ, చొక్కా గుండీ అంత. పాత ఆయిల్ దించడానికి ఇంజిన్ అడుగున ఓ బోల్టు ఉంటుంది, దాని సంగతి చూశావా అని అడిగితే నా మీద కస్సుమన్నాడు.

"నేను బిగించింది కారదు."

అక్కడితో ఆగక, నా నోరు మూయించడానికి దానికి మరో అరచుట్టు వేశాడు. శుక్రవారానికి మచ్చ అరచెయ్యంత అయింది.

కంచం ముందు కూర్చునేవాడు, కెలికి లేచిపోయేవాడు. అక్క తిట్టింది, తర్వాత బతిమాలింది. శనివారం పొద్దున నా కొట్లోకి వచ్చి మిషను పక్కన కూలబడ్డాడు.

"ఎక్కడ కారుతోందో తెలీకుండా నా బిడ్డను దాని మీద ఎలా ఎక్కించనురా?"

ఆయన కళ్ళనీళ్ళు నేను చూడటం అదే మొదలు.

మిషను నూనె గుడ్డకు అంటితే నేను సుద్దపొడి చల్లుతాను. తడి ఎంతమేర ఉందో దాని మీద తేలిపోతుంది. అదే మాట చెప్పాను. ఇంకోసారైతే దర్జీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదని నవ్వేవాడు. ఆ రోజు సుద్ద డబ్బా అందుకుని లేచాడు.

ఇంజిన్‌ను కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నా దగ్గరున్న సుద్దంతా నూరి చల్లాం. బండి స్టార్టు చేసి పది నిమిషాలు వదిలేశాం. పైన తెల్లగానే ఉంది. పక్కల కూడా తెల్లగానే ఉంది. అడుగున, ఆ బోల్టు పక్కనే, వెంట్రుకంత గీత నల్లబడుతూ వచ్చింది. బిగింపు ఎక్కువై ఇంజిన్ అడుగే చీలింది.

బావ ఆ గీతను వేలితో తడిమాడు. ఊళ్ళో బళ్ళకు అరచుట్టు వేసేవాడు కానీ, కూతురి బండికి మాత్రం ప్రేమ కొద్దీ ఇంకో అరచుట్టు కలిపేవాడట. ఆయిల్ మార్చిన ప్రతిసారీ. ఆ సంగతి నాకప్పుడే చెప్పాడు.

ఇంటికెళ్ళి కూతురి ముందు నిలబడ్డాడు.

"నిన్ను పడేసింది రోడ్డు కాదమ్మా. నేనే."

ఆమె తన అరచేతి కట్టు వైపు చూసుకుంది. ఆ కాసేపట్లో మా బావ పదేళ్ళు పెద్దవాడైపోయాడు. చివరికి, బండి బాగయ్యేదాకా బస్సులో తిరుగుతానని, బాగు మాత్రం నాన్నే చెయ్యాలని చెప్పింది.

బుధవారం ఇంజిన్ అడుగుకు కొత్త భాగం వచ్చింది. బావ బిగిస్తుంటే ఆమె పక్కనే కూర్చుంది. అడుగు బోల్టు బిగిసింది. అలవాటుగా ఊపిరి బిగబట్టాడు. పానా మీద చెయ్యి ఆగింది. తిప్పితే చీలుతుందని భయం, తిప్పకపోతే ఊడుతుందని భయం. ముప్పై ఏళ్ళలో ఎవరినీ అడగని మాట కూతుర్ని అడిగాడు.

"చాలంటావా అమ్మా?"

"చాలు నాన్నా."

పానా కింద పెట్టాడు.

గురువారం పొద్దున పేపరు మీద మచ్చ లేదు. ఆమె బండెక్కి వెళ్ళిపోయింది. బావ మలుపుదాకా నడిచి వెళ్ళి, నలుగురూ చూస్తుండగా వంగి, రోడ్డును చేత్తో తడిమి చూసుకున్నాడు.