పెళ్లికారులో ప్రార్థన

మా కారు బ్యాటరీకి నాలుగో ఏడు నడుస్తుండగా చెల్లెలి పెళ్లి కుదిరింది. ఇక నాకు నిద్ర లేదు. ఈ ఊరి ఎండకు ఏ బ్యాటరీ అయినా మూడు నాలుగేళ్లు బతికితే గొప్ప. అందులో మాది అమీర్‌పేట గల్లీ నుంచి సోమాజిగూడ ఆఫీసుకు పోయి వచ్చే బండి. అంత చిన్న ప్రయాణంలో బ్యాటరీ ఎక్కడ నిండుతుంది? పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజన్ మూలుగుతూ లేచేది. నీళ్లు పోసే పాత రకమైతే మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసి మనసు కుదుటపరచుకునేవాడిని. ఇది సీలు వేసిన రకం. పైన చిన్న గాజు బిళ్ల ఉంటుంది, పచ్చగా కనిపిస్తే చార్జింగ్ ఉన్నట్టు. రోజూ బానెట్ ఎత్తి దాన్ని చూడటం, టెర్మినళ్ల మీద పేరిన తెల్లపొడి తుడవడం, ఇదే పని. కొత్తది వేయించొచ్చు కదా అంటారా? పెళ్లిపనుల్లో ఊపిరి సలిపితే కదా.

పెళ్లి పంజాగుట్టలో, చర్చిలో, పది గంటలకు. మా వెనకే ఇంకో పెళ్లి ఉంది. ఆలస్యమైతే ఇక సాయంత్రానికే అని పాస్టర్‌గారు ఖరాఖండిగా చెప్పారు. నాన్న లేడు కాబట్టి చెల్లెలిని చేయి పట్టి లోపలికి నడిపించాల్సింది నేనే.

ఆ రోజు చుట్టాలంతా ముందే వ్యానులో పోయారు. పూలు, రంగు దీపాలు చుట్టిన మా కారులో తెల్లచీర కట్టుకున్న చెల్లెలు, అమ్మ, పెదనాన్న కూర్చున్నారు. ఇంజన్ స్టార్ట్ అయింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ మా ఇళ్లలో ప్రార్థన చేయకుండా పెళ్లికూతురి బండి కదలదు. పెదనాన్న చర్చిలో సంఘపెద్ద, ప్రార్థన చేయాల్సింది ఆయనే.

“ఇంజన్ బంద్ చెయ్యి బిడ్డా. గీ సప్పుడుల ప్రార్థన బాగుండదు.”

“బంద్ చేస్తే మళ్ల స్టార్ట్ కాదేమో పెదనాన్నా.”

“దేవుడున్నడు కదరా. గంత ఫికరెందుకు?”

దేవుడి పేరెత్తాక నేనేం మాట్లాడను? ఆపాను. చెల్లెలికి చెమట పడుతుందని అమ్మ ఫ్యాను మాత్రం ఆపనివ్వలేదు. దీపాలూ వెలుగుతూనే ఉన్నాయి. ఇంజన్ ఆగితే అవన్నీ మోయాల్సింది ఆ ముసలి బ్యాటరీయే. పెదనాన్న పెళ్లికొడుకుతో మొదలుపెట్టి, రెండువైపుల చుట్టాలను, వంటవాళ్లను, రోడ్డు మీది లారీలను సైతం దేవుడి చేతికి అప్పగించారు. నేను కళ్లు మూసుకోలేదు. ఫ్యాను గాలి తగ్గేకొద్దీ నా చేయి తాళం మీదికి పోతోంది.

ఆమెన్ అనగానే తాళం తిప్పాను. టిక్‌టిక్ మంది, అంతే.

పక్కింటివాళ్లు వచ్చి తోయడం మొదలుపెట్టారు. ఇది ఆటోమేటిక్ బండి, తోస్తే స్టార్ట్ కాదని మొత్తుకున్నాను. “జర దూరం తోద్దమన్న, లేస్తది,” అంటూ మలుపుదాకా తోశారు. లేవలేదు. ఫోన్ చేస్తే మెకానిక్ అరగంట అన్నాడు. క్యాబ్ దొరకలేదు.

“మెట్రోల పోదమన్న. ఒక్క స్టేషనే కదా,” అంది చెల్లెలు. అమ్మ మోకాళ్ల నొప్పులతో ఉరకలేదు. ఆమెను పెదనాన్నతో వెనక రమ్మని మేమిద్దరం పరిగెత్తాం.

ట్రైన్‌లో జనం తప్పుకుని చోటిచ్చారు. నేను ఫోన్లో టైమ్ చూస్తూ బ్యాటరీని, పెదనాన్నను, నన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. చెల్లెలు నా చేయి పట్టుకుంది.

“అన్నా, నాకు భయమైతుంది.”

“ఏం కాదు. ఇంక టైముంది, అందుకుంటం.”

“టైమ్ గురించి కాదన్న. గా ఇంటికి పోవాల్నంటేనే భయమైతుంది. నీకిష్టమేనా అని నన్ను ఎవ్వరూ అడగలే.”

ఇన్ని రోజులూ ఒకే ఇంట్లో ఉండి, నేనూ అడగలేదు.

పంజాగుట్ట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అవతల చర్చిలో పెళ్లికొడుకు, పాస్టర్‌గారు, అంతమంది జనం మా కోసం చూస్తుంటారు. చెల్లెలు కుచ్చెళ్లు పట్టుకుని తలుపు వైపు కదిలింది. నేను ఆమె చేయి వదల్లేదు. మేము లోపల ఉండగానే తలుపులు మూసుకున్నాయి.

“చెప్పమ్మా,” అన్నాను.