జాంబియా కాకులకు మా బాపు తెలుసా?

ఇప్పుడంటే తలంబ్రాల పళ్లెం రాకముందే పెళ్లిపందిట్లోకి డ్రోన్ వచ్చేస్తోంది గానీ, ఆ వస్తువును మా సిరిసిల్లలో ఎవరూ కళ్లతో చూడని రోజుల్లోనే నేను దాన్ని ఆఫ్రికాలో కొన్నాను. గొప్పకు చెప్పడం లేదు. అప్పటికి నాకు పాతికేళ్లు కూడా నిండలేదు. జాంబియా దేశంలో, లుసాకా అనే పట్నంలో, ఒక హార్డ్‌వేర్ దుకాణంలో సామాను చూసుకునే ఉద్యోగం. మా దిక్కువాళ్లంతా దుబాయి, మస్కట్ పోతుంటే నేను ఆఫ్రికా పోతానన్నందుకు మా అవ్వ, అంటే అమ్మ, సరిగా అన్నం తినడం మానేసింది ("సింహాలుంటయట గద బిడ్డా" అని ఒకటే ఏడుపు). బాపు (మా నాన్న) మాత్రం "పోనియ్యే. మస్కట్‌ల ఏమున్నది, ఉసికె తప్ప? వీడన్న జర లోకం చూస్తడు" అన్నాడు. ఆయన బతుకంతా సాంచల మధ్యే గడిచింది (మరమగ్గాలను మేం సాంచలంటాం). కళ్లు పోగుల మీద పెట్టి, చెవులు ఆ చప్పుడుకు ఒప్పగించి, చివరికి సగం చెవుడు తెచ్చుకున్నాడు. అందుకే ఫోన్‌లో అరిచి మాట్లాడేవాడు. నాతో గదిలో ఉండే నిర్మల్ అన్న (ఊరు నిర్మల్, మేమంతా అలాగే పిలిచేవాళ్లం) "మీ బాపుకు ఫోన్ ఎందుకుర, సిరిసిల్లల నిలబడి ఒర్రితే చాలు" అనేవాడు.

డ్రోన్ కొన్నానని చెప్పగానే బాపు అడిగిన మొదటి మాట, "కొబ్బరికాయ కొట్టినవా?" అది బొమ్మలాంటిది బాపూ, సెలవుల్లో సరదాగా ఎగరేసుకునేది అంటే వినడే! "ఎగిరేదైతేంది, ఉరికేదైతేంది, బండి బండే. నిమ్మకాయ కట్టకుంట మీదికి పంపిస్తర?" అని పట్టుబట్టాడు. సరే, ఆయన వీడియో కాల్‌లో చూస్తుండగా దుకాణం వెనక ఖాళీ జాగాలో పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒక నిమ్మకాయ, రెండు మిరపకాయలు దారానికి గుచ్చి దాని నడుముకు కట్టాను. ఊగుతూ ఊగుతూ లేచింది. తాటిచెట్టంత ఎత్తుకు పోయాక గాలికి ఆ దారం వెళ్లి రెక్కలో చుట్టుకుంది. అంతే, పక్కింటివాళ్ల కోళ్లగూటి మీద ధబీమని పడింది. కోళ్లన్నీ బజారున పడ్డాయి, ఆ ఇంటామె చీపురు పట్టుకుని నా వెంట పడింది. ఇదంతా బాపు చూస్తూనే ఉన్నాడు. పడీ పడీ నవ్వి, దగ్గుతూ, "పోగు తెగంగనే సాంచ ఆపాలెర పిచ్చోడా! నువ్వు ఆపలే!" అన్నాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూడడం అదే మొదలు. విరిగిన రెక్క మార్చుకోవడానికి మళ్లీ జీతం దాకా ఆగాను గానీ, ఆ నవ్వు కోసమైతే ఇంకోసారి పడేసినా బాధ లేదు.

అప్పటినుంచి బాపుకు డ్రోన్ పిచ్చి పట్టింది. ఆదివారమొస్తే చాలు, "ఇయ్యాల ఏం చూపిస్తవ్?" నేను చూపించేవి ఏమంత గొప్పవి కావు, మక్కచేన్లు, ఎర్రమట్టి బాటలు, రేకుల ఇళ్లు. ఆయన మాత్రం సాంచల కాడికి పోయి జిరాఫీలను చూసినట్టే చెప్పేవాడట. ఒకరోజు నిర్మల్ అన్న మాటల్లో కరీబా అనే చెరువు గురించి చెప్పాడు, అవతలి ఒడ్డు కనబడదని. బాపు పట్టుకున్నాడు. "కనవడదా? మన మానేరు డ్యాం కన్నా పెద్దదా? మీదికెల్లి చూస్తే గూడ కనవడదా?" మీదికెల్లి చూస్తే కనబడొచ్చు బాపూ, వచ్చే సెలవుల్లో పోతాం, అక్కడినుంచే చూపిస్తా అన్నాను. ఇక ప్రతి ఫోనుకూ అదే. ఆరోగ్యం ఎట్లుంది అని నేనంటే, చెరువు కాడికి ఎప్పుడు పోతున్నవ్ అని ఆయన.

సెలవులు దగ్గరికి వచ్చాయి, చెరువు ఒడ్డున లాడ్జి గది కూడా మాట్లాడాం. అప్పుడే చిన్నాయన ఫోన్ చేశాడు. సాంచ ముందర నిలబడ్డ బాపు నిలబడ్డట్టే కూలి, అక్కడే ప్రాణం విడిచాడట. నా పాస్‌పోర్టు పర్మిట్ పొడిగింపుకని జాంబియా ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉంది. దాని కోసం తిరిగిన తిరుగుడు, మొక్కిన కాళ్లు చెప్పుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. పాస్‌పోర్టు చేతికి రాలేదు. ఒక్కగానొక్క కొడుకును నేనుండి కూడా, బాపుకు నిప్పు చిన్నాయన పెట్టాడు. నేను దాన్ని అరచేతిలో ఫోన్‌లో చూశాను. సిగ్నల్ ఆగి ఆగి వస్తుంటే మంట కూడా ఆగి ఆగి మండింది. నిర్మల్ అన్న నన్ను గదిలో ఉండనివ్వలేదు. "లేవు. మూడోనాటికి నీళ్లు పోసుకోవాలె గద, ఆ చెరువు కాడనే పోసుకో" అని బట్టలు సర్ది, డ్రోన్ పెట్టె కూడా తనే పట్టుకుని బస్సెక్కించాడు.

మూడోనాడు మా దిక్కు పిట్టకు పెడతారు. చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి పక్కకు జరిగితే, కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆయనకేదో కోరిక మిగిలిపోయిందని. ఊళ్లో వాళ్లు మానేరు ఒడ్డున కోడికూర పెట్టారు, కల్లు పెట్టారు, బీడీ ముట్టించి పెట్టారు. కాకి ముట్టలేదు. మాకు అప్పుడే తెల్లవారింది, ఫోన్ మోగింది. "ఒక్క పిట్ట గూడ వాలుతలేదుర," అన్నాడు చిన్నాయన. "నీ మీదనే పాణం ఉన్నట్టుంది. నువ్వు గక్కడ పెట్టు. ముందుగాల చెరువుల మూడు మునుగులు మునుగు." నిర్మల్ అన్న ఫోన్ లాక్కున్నాడు. "చిన్నాయనా, గిండ్ల మొసళ్లున్నయ్. మునిగిండంటే ఇద్దరికి పెట్టాలె పిట్టకు." సరే, నల్లా కిందనే కానిమ్మన్నారు.

అన్నం ఎక్కడిది? లాడ్జి వంటగదిలో మక్కపిండి ముద్ద, రాత్రి మిగిలిన కోడికూర దొరికాయి. "గదేంది, గట్కనా?" అని అవ్వ ఫోన్‌లోంచి అడిగింది. "పెట్టు బిడ్డా, చిన్నప్పుడు ఆయన తిని పెరిగింది గదే." కల్లు బదులు బీరు, బీడీ బదులు సిగరెట్. కాకులు వచ్చాయి. మెడచుట్టూ తెల్లగా, బనీను తొడుక్కున్నట్టున్న కాకులు. దూరంగా కంచె మీద కూర్చుని చూస్తున్నాయే తప్ప దిగవు. "గక్కడి కాకులకు మీ బాపు ఎట్ల ఎరుక?" అని అవ్వ ఏడుపందుకుంది. అంతలో ఎక్కడినుంచో ఒక కోతి వచ్చి కోడి ముక్క ఎత్తుకుపోయింది. అటువైపు చిన్నాయన నెమ్మదిగా, "కోతి ముడితే లెక్కకు వస్తదా..." అని పక్కనున్న పెద్దమనుషులను అడగడం వినిపించింది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను, బాపూ బాపూ అని, ఆ పరాయి దేశంలో తల కొట్టుకుని ఏడ్చాను.

అవ్వే అంది, "ఆ మిషన్ తెచ్చినవా?" తెచ్చానన్నాను. "చెరువు చూపిస్తనంటివి గద. చూపియ్యి."

లాడ్జి మేనేజరును అడిగి ఎగరేశాను. డ్రోన్ తెరను నిర్మల్ అన్న తన ఫోన్‌తో మానేరు ఒడ్డుకు చూపిస్తున్నాడు. పైకి, ఇంకా పైకి. నీళ్లు, నీళ్ల మీద ఎండ, చచ్చిన చెట్ల మోళ్లు, చిన్న పడవలు. చూస్తుండగానే కంచె మీది కాకుల్లో ఒకటి లేచింది. నేరుగా డ్రోన్ దగ్గరికి పోయి చుట్టూ ఒకసారి తిరిగింది. దించు దించు అని నిర్మల్ అన్న అరుస్తున్నాడు. నా చేతులు ఆడలేదు. కాకి ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. డ్రోన్ పక్కకు ఒరిగి, గిర్రున తిరిగి, చెరువులో పడిపోయింది. తెర నల్లబడింది.

"ముట్టింది!" అని అవ్వ అరిచింది. అచ్చం బాపులాగే అరిచింది. చిన్నాయనకు అనుమానమే, "మిషన్‌ను ముట్టింది వదినె, బువ్వను ముట్టలే." "ఆయన బువ్వకు ఎన్నడేడ్చిండు? గా చెరువుకు ఏడ్చిండు. నేను చూసిన, ముట్టింది. లేవుండ్రి," అని అవ్వ కొంగు దులుపుకుని లేచింది.

ఇప్పుడు కరీంనగర్‌లో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లకు డ్రోన్ నేనే ఎగరేస్తాను, నిమ్మకాయ మాత్రం కట్టను. అప్పుడప్పుడు ఒక కాకి దగ్గరికి వస్తుంది. పెళ్లివారు కంగారుపడి "దించన్నా, పొడుస్తది" అంటారు. ఖరీదైన వస్తువే, దించాలి, నాకూ తెలుసు. చెరువు ఒడ్డున చేతులాడక నిలబడ్డ ఆ పోరడు ఇంకా నాలోనే ఉన్నాడు కాబోలు, నవ్వొస్తుంది. "ఆగుండ్రి," అంటాను, "జర చూసుకోనియ్యుండ్రి."