పర్మిట్ లేని త్యాగం

నిన్న మధ్యాహ్నం, నాన్నతో పాతికేళ్ళు పనిచేసిన బాబాయి ఉక్కు ప్లాంటు ఊళ్ళో మా రుఆబాంధా ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. ప్లాంటులో చనిపోయినవాళ్ళ ఫోటోలకు దండలు వేస్తారట, అమ్మకు శాలువా కప్పుతారట. కుటుంబం తరఫున నేను సంతకం పెట్టాలి. నాన్న పేరు కింద హిందీలో ‘బలిదాన్’, అంటే త్యాగం, అని ముందే టైపు చేసి ఉంది. చూడగానే ఒళ్ళు మండింది.

ఎం.ఏ. పొలిటికల్ సైన్సు చదివే రోజుల్లో ప్లాంటు వాళ్ళిచ్చిన సెక్టర్ 4 క్వార్టరు వంటింట్లో కూర్చుని నాన్నకు పాఠాలు అప్పజెప్పేదాన్ని. ఆయన చేపల పులుసు కలుపుకుంటూ, క్లాసుకి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా ఒద్దికగా వినేవాడు. మూడున్నర శతాబ్దాల కిందటి ఒక ఇంగ్లీషు తత్వవేత్త, జనం ప్రాణభయంతోనే తమ స్వేచ్ఛను రాజు చేతిలో పెట్టారు కాబట్టి, చావమంటే కాదనే హక్కు వాళ్ళకు మిగిలే ఉంటుందన్నాడు. తర్వాతి శతాబ్దంలో ఇంకొకాయన, ఇన్నాళ్ళు క్షేమంగా బతికింది ఆ ఒప్పందం వల్లే, రాజ్యం చావమంటే చావాల్సిందే అన్నాడు.

“ఆ ఒప్పందం మీద సంతకం ఎవులెట్టారే అమ్మా? నానైతే ఎట్టనేదు” అన్నాడు నాన్న, ముల్లు తీసి పళ్ళెం అంచున పెడుతూ. మొదటాయనకే ఓటేశాడు. “ఆడెవుడో గ్యాస్ లైన్ల పన్చేసుంటాడు.”

అది ఊరికే వేసిన ఓటు కాదు. గ్యాస్ ఆపామని రాసిన పర్మిట్ చేతికొచ్చేదాకా నాన్న పనిలోకి దిగేవాడు కాదు. పనిముట్ల పెట్టె మీద కూర్చుని కాళ్ళూపుతూ ఉండేవాడు. తోటివాళ్ళు ‘పర్మిట్ భయ్యా’ అని వెక్కిరించేవారు. అలాంటి మనిషిని, పర్మిట్ వెనకాలే వస్తుంది, ముందు పని కానీ అని పై ఆఫీసర్లు తరిమి పంపారు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలే ఉంది. ఆ ఒక్కసారి ఎదురు చెప్పలేకపోయాడు.

“ఆ రోజు పర్మిట్ ఉందా బాబాయ్?” అని అడిగాను.

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. “నేదమ్మా. ఇప్పుడది తవ్వితే ఏటొస్తాది? మీ అమ్మకి గౌరవం చేత్తామంటన్నారు గదా.”

“మీ అల్లుడు ఇప్పుడు ఆ లైన్లోనే ఉన్నాడు.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. మా ఆయన డ్యూటీలో ఉండగా ఫోను మోగితే నేనెలా పరుగెత్తుతానో బాబాయికి తెలుసు.

తనంతట తాను ఇస్తే త్యాగం. నాన్న ఇవ్వలేదు, లాక్కున్నారు. లాక్కున్నవాళ్ళే దానికి అంత మంచి పేరు పెట్టుకుంటే, రేపు మా ఆయన్ని పంపడానికి వాళ్ళ నోరు తడబడదు. ఆ మాట కొట్టేసి, ‘పర్మిట్ లేకుండా గ్యాస్ లైన్లోకి పంపితే చనిపోయాడు’ అని రాసి సంతకం పెట్టాను. ఇంక శాలువా రాదని బాబాయి గొణిగాడు. రాకపోనీ.

నాన్న పోయిన నెలకి పుట్టిన మా బాబుకి మొన్న నాలుగేళ్ళు నిండాయి. ఏళ్ళు గడిస్తే కోపం చల్లారుతుందని అందరూ అన్నారు. వీడి కొత్త మాటలు, కొత్త అల్లరి ఒక్కటీ ఆయన చూడలేదే అనుకున్నకొద్దీ, ఆ కోపం వీడితోపాటే ఎదుగుతోంది.