గేటు తాత భుజం

ఆ రోజుల్లో కారు నడిపేవాడికున్న మర్యాద ఇప్పుడు విమానం నడిపేవాడికి కూడా లేదని నేనంటే మా మనవడు నవ్వుతాడు. నవ్వనీండి, వాడికేం తెలుసు! అవి యుద్ధం రోజులు. బియ్యానికి వరస, కిరసనాయిలుకు వరస, పెట్రోలైతే వాసన చూద్దామన్నా దొరకదు. చిత్తూరులో కారు నడపాలంటే వెనకాల మనిషెత్తు ఇనుప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు పోసి, నిప్పు రాజేసి, పక్కనున్న చక్రం తిప్పి గాలి కొట్టి, అప్పుడు పుట్టే గ్యాసుతో ఇంజనును బతిమాలుకోవాలి. (వంట చేస్తున్నామా, బండి నడుపుతున్నామా అని మాకే అనుమానం వచ్చేది.) అలాంటి బండితో నేను పందెం వేశాను. పందెంలో గెలిచాను కూడా. ఆ గెలుపు మా ఇంట్లో పొయ్యి ఆర్పేసింది.

బండి మాది కాదు. చిత్తూరులో ఒక ముదలాళికి, అంటే ఓనరుకు, రెండు బాడుగ కార్లుండేవి. ఒకటి మా బావ నడిపేవాడు, అంటే మా అక్క మొగుడు. దాన్ని ఊళ్ళోవాళ్ళు 'కుంపటి' అనేవాళ్ళు. రెండోది నడిపే ఆయన్ను అందరూ ఈలమామ అనేవాళ్ళు. హారన్‌కుండే రబ్బరు తిత్తి చీలిపోతే, రబ్బరు దొరక్క, నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేస్తూ ఎద్దుల బండ్లను పక్కకు తప్పించేవాడు. ఒకనాడు ఉదయం మా బావ ఇంజను తిప్పుతుంటే హ్యాండిలు ఎదురు తన్ని కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చాడు. కట్టు మంచిదే. అది కుదురుకోకముందే విప్పి పారేసి స్టీరింగు పట్టుకున్న మా బావ బుద్ధే మంచిది కాదు. ఎముక వంకరగా అతుక్కుంది. అన్నం ముద్ద నోటిదాకా రావడమే కష్టమైన చేత్తో గేరేం మారుస్తాడు? అందుకని, పని లేక అక్క ఇంట్లో తింటూ కూర్చున్న నన్ను బండెక్కించారు. అప్పటికి నా మీసం మొలవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.

సరిగ్గా అప్పుడే ముదలాళి మా నెత్తిన పిడుగు వేశాడు. రబ్బరు పండే మలయా జపానువాళ్ళ చేతిలోకి పోయాక టైర్లన్నవి మార్కెట్లో లేవు. రెండు బండ్ల టైర్లూ కలిపి ఏరితే ఒక్క బండికి సరిపోయేటన్ని మంచివి తేలాయి. ఆయన ఇద్దరినీ పిలిచి, "కాణిపాకం తిరునాళ్ళ దాకా సూస్తా. ఏ బండి జనాన్ని ముందుగా చేరేస్తాదో అది ఉంటాది. ఇంగోదాన్ని ఇటుకల మీదికెత్తేస్తా. దాని డ్రైవరు వేరే దోవ సూసుకోవాల," అని చెప్పి తాంబూలం నమలడం మొదలుపెట్టాడు. మా అక్కకు ఇద్దరు పిల్లలు. ఈలమామకు ఐదుగురు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

ఇక్కడ దోవ సంగతి చెప్పాలి. ఊరు దాటగానే రైలు గేటు, చక్రం తిప్పి దాన్ని ఎత్తడానికి ఒక ముసలాయన, అందరికీ ఆయన 'గేటు తాత'. గేటు దాటితే కొంత దూరం వెడల్పాటి తిన్నని రోడ్డు, ఆ తర్వాత ఒక్క బండి మాత్రమే పట్టే వంతెన. అక్కణ్ణించి కాణిపాకం దాకా రోడ్డు సన్నం, పక్కన చెరుకు తోటలు. వంతెన ఎవరు ముందెక్కితే వాళ్ళే చివరిదాకా ముందు, వెనకవాడు దుమ్ము తింటూ రావాల్సిందే. రెండు బండ్లూ ఆ గేటు దగ్గర పక్కపక్కనే ఆగేవి. అంటే మా బతుకు మొత్తం గేటు లేచిన క్షణం నుంచి వంతెన దాకా ఉన్న ఆ ముక్కలోనే ఉందన్నమాట.

నా మొదటి ప్రయత్నాలు తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. గేటు లేచింది, నేను క్లచ్చి వదిలాను, కుంపటి ఒక్కసారి ఎగిరి దగ్గి చచ్చిపోయింది. మరోసారి తొందరలో రివర్సు గేరు పడి వెనకనున్న మజ్జిగ ముంతల మీదికి పోయింది. ఆ మజ్జిగమ్మ మా వంశంలో ఎవరినీ వదలకుండా తిట్టింది. ఇంకోసారి బండి బాగానే కదిలింది గాని డ్రమ్ములో నిప్పు నీరసించి వంతెన కాడ ఆగిపోతే, ప్రయాణికులే దిగి తోశారు. "టికెట్టు డబ్బులు నువ్వు మాకిస్తావా, మా దగ్గర తీసుకుంటావా?" అని అడిగాడు నగరి నుంచి చీరల మూటతో వచ్చిన ఒకాయన. ఈలమామ నా పక్కనుంచి దూసుకుపోతూ, వేళ్ళు నోట్లో పెట్టి ఊరంతా వినేలా ఈల వేసేవాడు. ఆ ఈల వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటి మనిషి ఒకరోజు పొట్లంలో వేయించిన శనక్కాయలు తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఏం అల్లుడా, క్లచ్చిని అట్లా తొక్కి తొక్కి సంపుతావుంటే అదేం జేస్తాది పాపం? నేను సెప్తా, సూడు," అన్నాడు. నాకు మతి పోయింది. పోటీవాడే వచ్చి పాఠం చెబుతానంటే ఎవరైనా కాదంటారా? (ఈయనకు వయసు మీద పడి బుద్ధి మందగించిందని నేను జాలిపడ్డాను కూడా. నా తెలివికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.) గేటు పడగానే దిగి డ్రమ్ము కాడ గాలి చక్రం తిప్పుతూ ఉండాలన్నాడు. రైలు చివరి పెట్టె కనబడగానే ఎక్కి, చేతి బ్రేకు బిగించి, ఇంజను గుర్రుమనేదాకా రేపి, క్లచ్చిని సగంలో పట్టి ఉంచాలన్నాడు. ఇవన్నీ చెప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "గేటు లేసేది సూడొద్దు అల్లుడా. అది సూసి బండెత్తితే అప్పటికే ఆలీసం అయిపోతాది. గేటు తాత భుజం సూడు. ఆయప్ప చక్రం తిప్పేముందు కుడి భుజం ఇట్లా పైకి లేస్తాది. అప్పుడే బ్రేకు ఇడిసిపెట్టు."

ఆ రోజు నుంచి నేను దేవుణ్ణి చూడడం మాని గేటు తాత భుజం చూడడం మొదలుపెట్టాను. తొలిసారి ఆయన వీపు గోక్కోవడానికి భుజం ఎత్తితే నేను బ్రేకు వదిలేశాను. బానెట్టు గేటుకు ఆనుకుని ఆగింది. తాత నింపాదిగా వచ్చి, "ఏమబ్బా, యాడికి అంత అర్జంటు? రైలు కింద పండుకోవాలని ఉంటే సెప్పు, గేటు నేనే తీస్తా," అన్నాడు. నెమ్మదిగా గోకుడు భుజానికీ గేటు భుజానికీ తేడా తెలిసింది. తిరునాళ్ళు దగ్గరపడేసరికి గేటు ఇంకా సగం లేవకముందే, తల వంచుకుని దాని కిందుగా కుంపటిని దూర్చేసేవాణ్ణి. ఈలమామ వెనకబడి కూడా, "శెబాసు అల్లుడా!" అని అరిచేవాడు. మా బావ మాత్రం వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని, "రేయ్, నిదానంగా పోరా. బండి నిలబడి ఉంటే సాలు," అనేవాడు. నేను ఆయన్ను పిరికివాడి కింద జమకట్టాను.

తిరునాళ్ళ మొదటిరోజు రానే వచ్చింది. అక్క తెల్లారే లేచి కుంపటి బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, "తమ్ముడా, ఈ బండి ఉంటేనే నా బిడ్డలకు కూడు. గెలిసి రా," అంది.   గేటు దగ్గర రెండు బండ్లూ పక్కపక్కన నిలబడ్డాయి. నా బండిలో ఇసకేస్తే రాలనంత జనం. సోల్జర్ల రైలు పోతోంది. కిటికీల్లో నా ఈడు పిల్లలే, ఒక్కడూ నవ్వడం లేదు. నేను వాళ్ళను పట్టించుకుంటేగా? నా కళ్ళు తాత భుజం మీదే. భుజం లేచింది. బ్రేకు వదిలాను. కుంపటి కుంపటిలా పోలేదండీ ఆ రోజు, వెనకనున్న ముసలమ్మ "వినాయకా!" అనేలోపల సగం దూరం పోయింది. రెండో గేరు వెన్నలా పడింది. పక్కకు చూస్తే ఈలమామ లేడు. వంతెన మొదట్లో ఖాకీ దుస్తుల ఆఫీసరొకాయన, పక్కన కలెక్టరు కచేరీ గుమాస్తా, నిలబడి చూస్తున్నారు. ఆఫీసరు నన్ను చూసి మెచ్చుకున్నట్టు తలాడించాడు. నేను మురిసిపోయి, స్టీరింగు మీది చెయ్యి తీసి ఆయనకు సలాము కూడా కొట్టాను.

కాణిపాకంలో జనాన్ని దించి, కాలరెగరేసుకుని నిలబడి ఉంటే, ఆ ఆఫీసరు జీపులో వచ్చాడు. కుంపటి చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద అక్క పెట్టిన కుంకుమ పక్కనే సుద్దముక్కతో ఏదో అంకె వేశాడు. గుమాస్తా నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మిలిటరీకి బండ్లు కావాలి, ఒక్కో ఓనరు దగ్గర ఒక్కొక్కటి, ఉన్నవాటిలో బాగా పరిగెత్తేది తీసుకుంటారు. తీసుకున్న బండి తిరిగి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఆయనకు తెలీదు. (రాలేదు.) అప్పుడు ఈలమామ బండి తాపీగా వచ్చి ఆగింది. ఆయన దిగి నా మొహంలోకి చూడకుండా బొగ్గులు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఉన్న ఒక్క బండి ఆయనది. ముదలాళికి ఇక ఇటుకల మీదికెత్తే పనే లేదు.

కలెక్టరు కచేరీలో బంట్రోతుగా ఉన్నది ఈలమామ తోడల్లుడని మా అక్కే ఆరా తీసింది. శనక్కాయల పొట్లం సంగతి నేను చెప్పగానే ఆమె కొప్పు ముడిచి లేచింది. "వానికి మిలిటరీ సంగతి ముందే తెల్సు. తెలిసే నీకు గెలుపు నేర్పించినాడు. లేదంటే కాణిపాకంలో ప్రమాణం సెయ్యమను!" అంది. మా వైపు ఆ మాటకు తిరుగులేదు. అక్కడ తల మీద నీళ్ళు పోసుకుని వినాయకుడి ముందు అబద్ధమాడిన వాడు బాగుపడడని అందరి నమ్మకం. దొంగలు కూడా ఆ గుడి దాకా వచ్చి ఒప్పేసుకుంటారు. ఈలమామ వస్తానన్నాడు. మేమంతా వెళ్ళాం. ఆయన కోనేట్లో మునిగి, తడిబట్టలతో వచ్చి గడప ముందు నిలబడ్డాడు. చన్నీళ్ళకో మరి దేనికో దవడలు కొట్టుకుంటున్నాయి. చేయి చాచాడు. చాచిన చేయి చాలాసేపు గాల్లోనే ఉంది. చివరికి దించేశాడు.

"అబద్ధం సెప్పలేనమ్మా," అన్నాడు అక్కతో. "నాకు తెల్సు. ఐదుగురు బిడ్డలమ్మా. ఇంగేం జేసేదో తోసలేదు."

అక్క తిట్టడానికే వచ్చింది. నోరు తెరిచింది కూడా. ఆయన తడిబట్టలు చూసి, బావ భుజం మీదున్న తువ్వాలు తీసి ఆయన మీదికి విసిరింది. "తుడుసుకో. జొరమొస్తే ఆ ఐదుగుర్ని ఎవురు సాకుతారు?" అని గిర్రున తిరిగి వచ్చేసింది.  ఆ మరుసటి వారమే అక్కా బావా పిల్లలతో పల్లెకు పోయారు. బావ ఎడమ చేత్తోనే బెల్లం గానుగ కాడ చెరుకు పెట్టే పనిలో చేరాడు. పిల్లలు చాలా రోజులు గంజి తాగే బతికారు. నేను బస్సుల్లో టికెట్లు చింపుతూ పెద్దవాణ్ణయ్యాను. స్టీరింగు మళ్ళీ పట్టుకోలేదు.

ఆ రోజు గుడి నుంచి వస్తూ నేను వెనకబడి ఈలమామను అడిగాను. నన్నింత మోసం చేసిన మనిషిని అడగాల్సిన మాట అది కాదు గాని, అడక్కుండా ఉండలేకపోయాను. "మామా, నువ్వు ఆ పొద్దు కావాలనే నిలిసిపోతివి గదా? అయితే నేను గెలిసింది ఉత్తుత్తిదేనా?" ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నిలిసిపోదామనే అనుకున్న్యా అల్లుడా. ఆ పని నాకు పడనీలేదు నువ్వు. నేను బ్రేకు మీద సెయ్యేసేలోపలే నువ్వు వంతెన కాడుండావు. అట్లా బండెత్తినోణ్ణి నేను ఇంగొగణ్ణి సూడలే," అన్నాడు. అక్క కూడు పోయింది, బావ పని పోయింది, నా పనీ పోయింది. అయినా సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాట విని చిత్తూరు దాకా నేను నేల మీద నడవలేదు.

మొన్న మనవడు నన్ను కారులో తీసుకుపోతుంటే రైలు గేటు పడింది. మా పక్కన ఇంకో కారు ఆగింది. రైలు పోయింది. గేటు మనిషి లేచి చక్రం దగ్గరికి నడిచాడు. ఆయన కుడి భుజం లేచింది. నా కుడికాలు దానంతటదే కింద చాపను గట్టిగా అదిమింది.

"ఏం తాతా, కాలు తిమ్మిరెక్కిందా?" అన్నాడు మనవడు.

"ఊ," అన్నాను. "తొందరపడొద్దు రా. ముందు ఆ పక్క కారాయన్ను పోనీ."