మంచం కింది కవరు, కంపెనీ టీ-షర్టు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. కొండాపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో నేను ఆయాను. నలభై ఆరేళ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి, దొరికిన చోటల్లా తెలుగులో రాయడం నాకో పిచ్చి.

మధ్యాహ్నం రఘు అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయిని భార్య స్వాతి తీసుకొచ్చింది. ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ, వాంతులు.

"యాసిడిటీ అంతేమ్మా, ఆఫీసు టెన్షన్" అన్నాడు.

డాక్టరుగారు టార్చి వేసి చూస్తే కంటిపాపలు ఆవగింజలంత ఉన్నాయి. నాకు అంతకుముందే వాసన తగిలింది. పన్నెండేళ్లు పత్తిచేలల్లో కూలి చేశాను.

"పురుగుల మందు గిట్ల కొట్టినవా బిడ్డా?"

"బాల్కనీలో గులాబీలకు కొట్టినా. మూడు కుండీలు."

స్వాతి అందుకుంది. "మూడు కుండీలకు లీటరు డబ్బా తెచ్చిండమ్మా! పంపు కారి వీపంత తడిసింది. మీటింగుందని గదే తడి కంపెనీ టీ-షర్టుతోని రెండు గంటలు కూసున్నడు."

ఈ మందు తాగక్కర్లేదు, చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది. ఛాతీలో నీరు చేరి ఊపిరి ఆగిపోతుంది. డాక్టరుగారు విరుగుడుగా అట్రోపిన్ సూది మొదలుపెట్టారు. ఛాతీలో గురగుర పోయేదాకా ఇస్తూనే ఉంటారు. గ్లౌజులు తొడుక్కుని, బట్టలు విప్పించి, తలనుంచి కాళ్లదాకా సబ్బుతో కడగడం నా పని.

"సిగ్గేస్తాందమ్మా, నేనే కడుక్కుంటా."

"పానం పోయినంక సిగ్గు ఏడుంటది? తిరుగు అటు!"

విప్పిన బట్టలు కవర్లో వేసి, మార్కరుతో "విషం. ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాసి, మురిసిపోయి, మంచం కింద పెట్టాను.

సాయంత్రానికి తేరుకున్నాడు. స్వాతి మందుల షాపుకు వెళ్లింది. నేను వేరే పని చూసుకుని గంటకు వచ్చేసరికి మళ్లీ చెమట, చొంగ, గురగుర. డాక్టరుగారు పరుగున వచ్చి మళ్లీ సూది వేస్తూ, "తగ్గినవాడికి ఇదేంటి?" అన్నారు. దుప్పటి లాగాను. ఆసుపత్రి గౌను మీద అదే టీ-షర్టు!

"మేనేజరు వీడియో కాల్ చేసినాడమ్మా. గౌన్లో ఎట్ల కనపడేది?"

"కవరు మీద రాసింది సూడలేదార?"

"చూసినా. తెలుగు చదవడం రాదు. ఇంగ్లీషు మీడియం."

డాక్టరుగారు సూది పట్టుకునే నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మళ్లీ తోమాను, ఈసారి కొంచెం గట్టిగానే. మూడు రోజులకు నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

కానీ తప్పు నాదే. ఆ కవరు రోగి చెయ్యి అందేచోట ఉండాల్సింది కాదు. ఇప్పుడైతే ముడి బిగించి వెంటనే గది దాటించేస్తాను. పైన రాయడం మానలేదు గానీ, పక్కన ఒక పుర్రె బొమ్మ కూడా గీస్తున్నాను, పెద్ద చదువులు చదివినవాళ్ల కోసం.