పంచిపెట్టిన మాత్రలు

పూలమ్మే ఆమెకు ఐదు రోజుల యాంటీబయాటిక్ మాత్రల అట్ట కొనిచ్చి, ఇక ఆమె కాలి పుండు మానినట్టేనని మురిసిపోయాను. ముప్పయ్యేళ్లు సైన్సు చెప్పినవాడికి ఆ మాత్రం లోకజ్ఞానం ఉండొద్దూ?

తిరుపతిలో మా వీధి మొదట్లో కూర్చునే ఆమె, మూర కొలిచాక జానెడు కొసరు వేయకుండా ఎవరినీ పంపదు. నాలుగో రోజు చూస్తే పాదం వాచి చీము కారుతోంది. మాత్రలు మింగలేదా అని అడిగాను.

"రెండు మింగితానే నొప్పి తగ్గిపాయ అయివోరా. ఎదురింటామెకు జ్వరమంటే రెండిచ్చినా. మా ఆడబిడ్డకు గొంతునొప్పి, ఆమెకు మూడు. మిగిలినవి మనవరాలికి దగ్గొస్తే ఉంటాయని దాచిపెట్టినా. మంచి మాత్రలు, నేనొక్కదాన్నే తింటే ఎట్ల?"

పూలదారం తెంచే కత్తెరతోనే అట్టను కత్తిరించి పంచిందట. ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇంకా ఆలస్యం చేసుంటే వేలు తీసేయాల్సి వచ్చేదని ఆ సాయంత్రం డాక్టరమ్మ చెప్పింది. అంతా విని, ఆమె డాక్టరమ్మకు మూర పూలిచ్చింది.

మర్నాడు కొత్త అట్ట ఆమె చేతిలో పెడుతూ, చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ వినబడేలా అన్నాను: "ఈసారివి మూలశంక మాత్రలమ్మా, జాగ్రత్త."

ఒక్కరూ చెయ్యి చాచలేదు. "వీధిలో నా పరువు తీసినావు గదా అయివోరా" అని గొణుగుతూ, చివరి మాత్ర దాకా ఆమే మింగింది.